జిబ్బరెల్లిన్ కొట్టినా రై గడ్డి వెన్ను తీయలేదు, గడ్డి జాతుల్లో పూతని నడిపేది ఏది?

చిగురాకు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వృక్షశాస్త్రం పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం లోలియం పెరెన్నె, అంటే ఏళ్ల తరబడి బతికే రై గడ్డిని, గింజ నుంచి పెంచాను. పెంపకపు గదిలో వెలుతురు 16 గంటలు, చీకటి 8 గంటలు. ఉష్ణోగ్రత ఎప్పుడూ 22 డిగ్రీలే. మొక్కలకి మూడు నెలలు నిండాయి. దుబ్బుకి పదిహేను, ఇరవై పిలకలు వేశాయి. ఒక్క వెన్ను కూడా లేదు.

దీర్ఘ దిన మొక్కల్లో, అంటే పగలు పొడుగైతే పూసే వాటిలో, పూత కోసం పగటి నిడివికి బదులు జిబ్బరెల్లిన్ ఇవ్వొచ్చని పాఠ్యపుస్తకంలో చదివాను. సగం కుండీలకి జీఏ3 అనే జిబ్బరెల్లిన్ వారానికోసారి చొప్పున మూడు సార్లు పిచికారీ చేశాను. ఆకులు, ఆకు తొడుగులు బాగా సాగి పాలిపోయాయి, అంతే. ఒక పిలకని చీల్చి మొవ్వు కొసని లెన్సు కింద చూశాను. ఆకుల బుడిపెలే వరసగా ఉన్నాయి, పూత ఆనవాలు లేదు.

హార్మోనే నేరుగా చేతికిచ్చాక మొక్కకి ఇంకేం కావాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ తప్పు జరిగిందో ఎవరైనా చెప్పగలరా?

గరికపోచ · సోమవారం, రాత్రి 9:58

ఎన్ని వారాలు చలిలో పెట్టారు?

చిగురాకు · సోమవారం, రాత్రి 10:05

చలిలో పెట్టలేదండీ. మొదటి రోజు నుంచీ 22 డిగ్రీలే. చలి అవసరమని విన్నాను గానీ, చలి చేసే పని కూడా చివరికి జిబ్బరెల్లిన్ పెంచడమే కదా, దాన్నే బయటి నుంచి ఇస్తే సరిపోతుందనుకున్నాను.

గరికపోచ · సోమవారం, రాత్రి 10:20

సరిపోదు. లోలియం పెరెన్నెకి రెండు మెట్లున్నాయి. మొదటిది చలి, రెండోది దీర్ఘ పగలు. మొదటి మెట్టు ఎక్కకుండా మీరు రెండో దాని మీద నిలబెట్టారు. మీ మొక్కలు ఆరోగ్యంగానే ఉన్నాయి, వాటిని పారేయొద్దు. మిగతాది వివరంగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు, రేపు పొద్దున చూడండి. ఇప్పుడు పడుకోండి.

పాతపుస్తకం · మంగళవారం, ఉదయం 6:15

చిగురాకు తల్లీ, మొవ్వు చీల్చి చూశావు చూడు, ఆ పని నాకు బాగా నచ్చింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. వెన్ను పైకి కనిపించిన రోజే పూత మొదలైందని రాసే పిల్లలే ఎక్కువ. వెన్ను బయటపడే నాటికి లోపల ఆ నిర్ణయం జరిగి వారాలు దాటిపోతుంది. వరిలో చిరుపొట్ట దశ నుంచి ఈనిక దశ దాకా దాదాపు నెల పడుతుంది కదా, ఆ నెలంతా పైనుంచి చూస్తే ఆకుల మొక్కే.

చలి సంగతికి వస్తాను. 1918లో జర్మనీలో గుస్టావ్ గాస్నర్ శీతాకాలపు రై (గోధుమ లాంటి ధాన్యం, నీ రై గడ్డి కాదు) మొలకలకి నీరు గడ్డకట్టే స్థాయికి కాస్త పైన చలి తగిలించి వసంతంలో నాటాడు. అవి వెన్ను తీశాయి. చలి తగలనివి ఆకులతోనే మిగిలిపోయాయి. తర్వాత లండన్‌లో గ్రెగరీ, పర్విస్ ఇద్దరూ పెట్కుస్ అనే రై రకం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. గింజలోంచి పిండాన్ని వేరు చేసి, దానికి మాత్రమే చలి తగిలించినా మొక్క ఆ సంగతి గుర్తుంచుకుందని చూపించారు. ఆకే లేని పిండానికి చలి తెలిసిందంటే, దాన్ని పట్టేది పెరిగే కొస అన్నమాట.

పగటి నిడివి దారి వేరు. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ పొగాకు, సోయా మొక్కల మీద పగటి నిడివి ప్రభావాన్ని బయటపెట్టారు. 1930ల్లో సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ ఆ నిడివిని కొలిచేది ఆకు అనీ, ఆకు నుంచి కొసకి ఒక కబురు వెళ్తుందనీ చూపించి, ఆ కబురుకి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు.

ఇప్పుడు నీ కుండీ చూడు. నువ్వు పిచికారీ చేసింది ఆకు నుంచి వెళ్లే కబురు లాంటిది. దాన్ని అందుకోవలసిన మొవ్వు ఇంకా సిద్ధం కాలేదు.

రెల్లుదుబ్బు · మంగళవారం, ఉదయం 8:02

మాస్టారూ, నాదో సందేహం. నేను సైన్సు చదివినవాణ్ణి కాదు, గడ్డి మొక్కలంటే ఇష్టం, అంతే. వరికి చలి అక్కర్లేదు. జొన్నకీ, మొక్కజొన్నకీ అక్కర్లేదు. అన్నీ గడ్డి కుటుంబమే కదా, గోధుమకీ రై గడ్డికీ మాత్రమే ఈ పట్టింపు ఎందుకు?

నీరెండ · మంగళవారం, ఉదయం 11:30

రెల్లుదుబ్బు గారూ, మంచి ప్రశ్న. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, రై గడ్డి, ఫెస్క్యూ ఇవన్నీ కుటుంబంలో ఒకే కొమ్మ. చలి బాగా ఉండే చోట్లకి పాకిన కొమ్మ. మొవ్వు కొస ఒకసారి పూతకి తిరిగితే వెనక్కి రాదు, పైగా గడ్డకట్టే చలికి ఆ కొస తట్టుకోలేదు. అందుకని శీతాకాలం దాటిందని రూఢి అయ్యే దాకా ఆగడం వాటికి ప్రాణంతో సమానం. వరి, జొన్న, మొక్కజొన్న, చెరకు వేడి ప్రాంతాల నుంచి వచ్చినవి. వాటికి ఆ భయం లేదు. అవి ఎక్కువగా పగలు కురచ అవడాన్ని చూసుకుని పూస్తాయి.

గోధుమలో ఈ ఆగడం ఎలా జరుగుతుందో 2003 నుంచి 2006 మధ్య డుబ్‌కోవ్‌స్కీ బృందం జన్యువుల స్థాయిలో విప్పింది. ముగ్గురు పాత్రధారులు. వీఆర్‌ఎన్‌2 అడ్డుపడే జన్యువు. పగలు పొడుగ్గా ఉన్నప్పుడు అది ఆకులో కూర్చుని వీఆర్‌ఎన్‌3ని లేవనివ్వదు. వీఆర్‌ఎన్‌3 అంటే మరేదో కాదు, ఫ్లోరిజెన్ ప్రోటీన్ ఎఫ్‌టీని తయారుచేసే జన్యువే. మూడోది వీఆర్‌ఎన్‌1. వారాల తరబడి చలి తగిలితే అది మెల్లమెల్లగా మేలుకుంటుంది, మేలుకుని వీఆర్‌ఎన్‌2 నోరు మూయిస్తుంది. అప్పుడు పగలు పొడుగైతే ఎఫ్‌టీ తయారై కొసకి చేరుతుంది.

చలి పోయాక కూడా వీఆర్‌ఎన్‌1 మెలకువగానే ఉంటుంది. ఆ జన్యువు చుట్టుకుని ఉండే ప్రోటీన్ల మీద చలి వేసిన గుర్తులు కణం విడిపోయినా కొనసాగుతాయి. మొక్కకి జ్ఞాపకం అంటే ఇదే.

చిగురాకు గారూ, ఆరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఆవాల కుటుంబపు చిన్న మొక్క) పాఠాన్ని ఉన్నదున్నట్టుగా గడ్డికి అన్వయించకండి. అక్కడ చలి వల్ల ఎఫ్‌ఎల్‌సీ అనే జన్యువు మూతపడుతుంది. ఇక్కడ చలి వల్ల ముందు ఒక జన్యువు తెరుచుకుంటుంది. ఫలితం ఒకటే అయినా రెండు వంశాలూ ఈ పనిని వేరువేరు జన్యువులతో నేర్చుకున్నాయి.

చిగురాకు · మంగళవారం, మధ్యాహ్నం 1:10

చాలా థాంక్స్ అండీ. చలి వేరు, పగటి నిడివి వేరు అని ఇప్పుడు స్పష్టమైంది. కానీ నా అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఈ కథంతటిలో జిబ్బరెల్లిన్ ఎక్కడుంది? ఫ్లోరిజెన్ ఎఫ్‌టీ ప్రోటీన్ అయితే మరి గడ్డి జాతుల గురించి చదివిన ప్రతి చోటా జిబ్బరెల్లిన్ పేరు ఎందుకు వస్తోంది?

నీరెండ · మంగళవారం, రాత్రి 10:45

దీనికి జవాబు మీ రై గడ్డికి దాయాది అయిన లోలియం టెమ్యులెంటమ్‌లో ఉంది. గోధుమ చేలో కలుపుగా మొలిచే ఏడాది గడ్డి అది. నాకు చాలా ఇష్టమైన కథ కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలో లాయిడ్ ఎవాన్స్ ఈ గడ్డిలో ఒక రకాన్ని పట్టుకున్నాడు. దానికి చలి అక్కర్లేదు. కురచ పగళ్లలో పెంచితే ఆకులే వేస్తుంది. సరైన వయసులో ఒకే ఒక్క దీర్ఘ పగలు చూపిస్తే చాలు, మళ్లీ కురచ పగళ్లలో పెట్టినా వెన్ను వేస్తుంది. పరిశోధన చేసేవాళ్లకి ఇంతకంటే వరం ఏముంది? ఏ గంటలో ఏం జరిగిందో గడియారం పెట్టి చూడొచ్చు. ఆకుని వేరువేరు వేళల్లో కోసేసి, కబురు ఎంత వేగంతో కిందికి పోతుందో కూడా లెక్కగట్టారు. గంటకి సుమారు 2 సెంటీమీటర్లు. ఆకులో తయారైన చక్కెర దానికి ఎన్నో రెట్ల వేగంతో వెళ్తుంది. అంటే కబురు చక్కెరతో పాటు కొట్టుకుపోయేది కాదు.

తర్వాత రాడ్ కింగ్, ఎవాన్స్, రసాయన శాస్త్రవేత్త లూయిస్ మాండర్ కలిసి ఆ కొసల్లో జిబ్బరెల్లిన్లని విడివిడిగా కొలిచారు. జిబ్బరెల్లిన్ ఒకటి కాదు. వందకి పైగా రూపాలున్నాయి, జీఏ1, జీఏ3, జీఏ4 అంటూ నంబర్లు. దీర్ఘ పగలు తగలగానే ఆకులో జిబ్బరెల్లిన్ తయారుచేసే ఒక ఎంజైమ్ జన్యువు లేస్తుంది. మర్నాటికల్లా మొవ్వు కొసలో జీఏ5, జీఏ6 పెరుగుతాయి. కాండాన్ని సాగదీయడంలో గట్టివైన జీఏ1, జీఏ4 మాత్రం అప్పుడు కొసకి చేరవు. వెన్ను రూపు కట్టడం మొదలయ్యాక గానీ అవి అక్కడ పెరగవు.

ఎందుకంటే కొసకి సరిగ్గా కింద ఒక కాపలా ఉంది. జీఏ2 ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ జీఏ1, జీఏ4లని దారిలోనే పనికిరాకుండా చేస్తుంది. జీఏ5, జీఏ6ల నిర్మాణం కొంచెం తేడాగా ఉండటంతో ఆ ఎంజైమ్ పళ్లు వాటి మీద దిగవు. అవి దాటుకుని కొసకి చేరతాయి. కాండం సాగాల్సిన వేళకి కాపలా సడలుతుంది, అప్పుడు జీఏ1, జీఏ4 లోపలికి వస్తాయి.

ఒకే హార్మోన్ కుటుంబం. ఒక సభ్యుడు పూతకి, ఇంకో సభ్యుడు సాగడానికి, వేరువేరు వేళల్లో. మీరు కొట్టిన జీఏ3 సాగదీయడంలో దిట్ట. మీ ఆకులు పాలిపోయి సాగడం అందుకే.

గరికపోచ · మంగళవారం, రాత్రి 11:20

నీరెండ గారూ, ఒక మాట. మీరు చెప్పినది టెమ్యులెంటమ్‌కి నిజం. దాన్ని పట్టుకుని "గడ్డి జాతుల్లో ఫ్లోరిజెన్ అంటే జిబ్బరెల్లిన్" అనే దాకా కొందరు వెళ్లిపోతారు, అది నాకు మింగుడుపడదు.

వరి చూడండి. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు హెచ్‌డి3ఏ ప్రోటీన్‌కి పచ్చగా వెలిగే గుర్తు తగిలించి, అది ఆకు నాళాల్లో తయారై మొవ్వు కొసలోకి చేరడం కళ్లకి కట్టినట్టు చూపించారు. హెచ్‌డి3ఏ అంటే వరి ఎఫ్‌టీ. 2011లో అది కొస కణాల్లో ఏయే ప్రోటీన్లతో జతకట్టి పూత జన్యువుల్ని లేపుతుందో కూడా తేలింది. ఇంత ముక్కుసూటి రుజువు జిబ్బరెల్లిన్‌కి వరిలో లేదు.

ఇంకోటి. పొట్టి వరి రకాల్లో ఎస్‌డి1 అనే మార్పు ఉంది. జిబ్బరెల్లిన్ తయారుచేసే ఎంజైమ్ ఒకటి అందులో పనిచేయదు. 1966లో వచ్చిన ఐఆర్8 పొట్టిగా ఉండటానికి అదే కారణం. జిబ్బరెల్లిన్ తగ్గితే పూత ఆగాలి కదా? ఆగలేదు, పొట్టి వరి వేళకి ఈనుతోంది.

నీరెండ · బుధవారం, ఉదయం 7:50

హెచ్‌డి3ఏ గురించి మీరన్నది అక్షరాలా ఒప్పుకుంటాను. ఎస్‌డి1 వాదన మాత్రం నిలవదు. ఆ ఎంజైమ్‌కి వరిలో తోబుట్టువులున్నాయి. కాండంలో ఒకటి ముఖ్యం, పూత భాగాల్లో ఇంకొకటి. ఎస్‌డి1 దెబ్బ కాండానికే తగిలింది, వెన్ను భాగంలో తోబుట్టువు పని కానిచ్చేసింది. మనకి పొట్టి వరి పనికొచ్చింది కూడా అందుకే, లేకపోతే గింజ కూడా తగ్గేది.

గోధుమలో 2013లో జరిగిన పని చూడండి, మనిద్దరికీ అక్కడ చోటుంది. కురచ పగళ్లలో గోధుమకి జిబ్బరెల్లిన్ ఇచ్చారు. వీఆర్‌ఎన్‌1 మేలుకున్న మొక్కల్లో కొస వేగంగా వెన్నుగా మారింది. వీఆర్‌ఎన్‌1 నిద్రలో ఉన్న మొక్కల్లో జిబ్బరెల్లిన్ ఎంత ఇచ్చినా వెన్ను కట్టలేదు. ఎదురు దిక్కు నుంచి కూడా చూశారు. దీర్ఘ పగళ్లలో జిబ్బరెల్లిన్ తయారీని ఆపే పాక్లోబ్యుట్రజోల్ ఇస్తే, ఎఫ్‌టీ ఉన్నా వెన్ను ఎదుగుదల కుంటుపడింది. రెండూ కావాలి. ఎఫ్‌టీ దారిలో వీఆర్‌ఎన్‌1 లేస్తుంది, జిబ్బరెల్లిన్ తోడైతేనే ఆ తర్వాతి జన్యువులు కదులుతాయి.

చిగురాకు గారి కుండీల్లో జరిగింది దాదాపు ఇదే. జిబ్బరెల్లిన్ ఉంది, మేలుకున్న కొస లేదు.

గరికపోచ · బుధవారం, ఉదయం 8:15

ఎస్‌డి1 తోబుట్టువు సంగతి నేను మర్చిపోయాను. ఆ వాదన వెనక్కి తీసుకుంటున్నాను. "రెండూ కావాలి" అన్నదానికి నాకు అభ్యంతరం లేదు. "ఏది అసలు ఫ్లోరిజెన్" అని ప్రశ్న పెట్టుకోవడంలోనే మనం దారి తప్పుతున్నామేమో అనిపిస్తోంది.

గింజపాలు · బుధవారం, మధ్యాహ్నం 2:30

చాలా రోజుల తర్వాత వస్తున్నాను. విత్తనోత్పత్తిలో పనిచేసినవాణ్ణి, పొలం వైపు నుంచి రెండు మాటలు.

సంకర వరి విత్తనం తీసేటప్పుడు ఆడ వరుసల్లో వెన్ను పూర్తిగా బయటికి రాదు, కింది భాగం పోటాకు తొడుగులోనే ఇరుక్కుంటుంది. లోపలి గింజలకి పుప్పొడి అందదు. అప్పుడు జీఏ3 కొడతాం. నూటికి అయిదు, పది వెన్నులు తొంగిచూసే వేళకి కొడితే పైకణుపు సాగి వెన్ను బయటపడుతుంది. అక్కడ జిబ్బరెల్లిన్ పూతని పుట్టించడం లేదు, పుట్టిన పూతని బయటికి నెడుతోంది. "జిబ్బరెల్లిన్ కొడితే పూత వస్తుంది" అనే మాట చాలామంది నోట ఇక్కడి నుంచే పుట్టిందని నా నమ్మకం. నీరెండ గారు చెప్పిన రెండు వేళల తేడా మేం పొలంలో చూసేదే.

చెరకులో అయితే పూత రాకూడదనే మా తాపత్రయం. పూస్తే కొస ఎదుగుదల ఆగిపోతుంది, గడ లోపల బెండు పడుతుంది. చెరకుది చాలా సున్నితమైన లెక్క. పగలు పన్నెండున్నర గంటల చుట్టూ ఉండే కొద్ది వారాల్లోనే ప్రేరణ జరుగుతుంది. ఆ రోజుల్లో రాత్రి వేడి 18 డిగ్రీల కంటే తగ్గినా, నీటి ఎద్దడి వచ్చినా పూత తగ్గుతుంది. ఆ కిటికీ తెరుచుకునే ముందే ఎథెఫాన్ కొడితే దాన్నుంచి వెలువడే ఇథిలీన్ పూతని అడ్డుకుంటుంది. అదే ఇథిలీన్ అనాసలో పూత తెప్పిస్తుంది! హార్మోన్‌కి "పూత హార్మోన్" అని ముద్ర వేయకూడదని నాకు చెరకే నేర్పింది.

ఒక నష్టం కూడా చెప్పాలి, చిగురాకు గారికి పనికొస్తుంది. ఒకసారి కురచ పగలు కావాల్సిన వరి రకాన్ని చీకటి గదిలో పెట్టి పూత రప్పించే పని నాది. వారాలు గడిచినా చిరుపొట్ట రాలేదు. గదులు చూసుకునే చోట అడిగితే "అంతా సరిగ్గానే ఉంది" అన్నారు. చివరికి ఒక రాత్రి నేనే లోపల కూర్చుంటే తెలిసింది, రోజూ నడిరాత్రి ఎవరో తలుపు తీసి లైటు వేసి ఉష్ణోగ్రత రాసుకుంటున్నారు. అంతే. రాత్రిని మధ్యలో తుంచేశారు. ఈనగాచి నక్కలపాలు చేసినట్టయింది, ఆ కాలమంతా పోయింది. ఇప్పటికీ తల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది.

రెల్లుదుబ్బు · బుధవారం, సాయంత్రం 6:40

గింజపాలు అన్నయ్యా, చదువుతుంటే బాధేసింది. కానీ కొద్ది నిమిషాల లైటుకే అంత తేడానా?

నీరెండ · బుధవారం, రాత్రి 9:15

అవును. కురచ దిన మొక్క అసలు కొలిచేది ఎడతెగని రాత్రిని. ఆకులో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఉంది. ఎర్ర కాంతికి ఒక రూపంలోకి, దూర ఎరుపు కాంతికి ఇంకో రూపంలోకి మారుతుంది. నడిరాత్రి కాసేపు ఎర్ర కాంతి తగిలితే చాలు, వరి ఆకులో హెచ్‌డి3ఏ తయారీ పడిపోతుంది. మామూలు తెల్ల లైటులో ఎర్ర కాంతి బోలెడు ఉంటుంది.

వరి కొలత ఎంత కచ్చితమంటే, పగలు పదమూడున్నర గంటల దగ్గర గీత గీసినట్టు ఉంటుంది. పగలు దానికంటే అరగంట కురచైతే హెచ్‌డి3ఏ లేస్తుంది, పొడుగైతే దాదాపు ఉండదు. గోధుమ, రై గడ్డి లాంటి దీర్ఘ దిన గడ్డికి ఒక్క రాత్రి తుంచితే సరిపోదు, గోధుమలో చాలా రాత్రులు వరసగా తుంచితే గానీ పూత త్వరపడలేదు.

చిగురాకు గారికి ఇంకో ముఖ్య విషయం. మీ గదిలో లైట్లు ఏవి? పగటిని పొడిగించడానికి లోలియం, గోధుమ, బార్లీల్లో దూర ఎరుపు ఎక్కువుండే పాత ఫిలమెంట్ బల్బులు ట్యూబ్‌లైట్ కంటే బాగా పనిచేశాయి. తెల్ల ఎల్‌ఈడీల్లో దూర ఎరుపు బాగా తక్కువ. మీ 16 గంటలు గడియారానికి 16 గంటలే, మొక్కకి మాత్రం అంత గట్టిగా వినిపించి ఉండకపోవచ్చు.

చిగురాకు · బుధవారం, రాత్రి 9:50

అయ్యో, మా గదిలో ఉన్నవన్నీ తెల్ల ఎల్‌ఈడీలే! ఇది నాకు అసలు తట్టలేదు.

మరి ఇప్పుడు ఉన్న మొక్కల్నే చలిలో పెట్టొచ్చా, మళ్లీ గింజ నుంచి మొదలుపెట్టాలా? ఎన్ని డిగ్రీలు, ఎన్ని వారాలు?

గరికపోచ · బుధవారం, రాత్రి 10:10

ఉన్నవే పెట్టండి. పిలకలు వేసిన మొక్కే నమ్మకం. జీఏ3 కొట్టిన కుండీలు మాత్రం పక్కన పెట్టేయండి, వాటిని లెక్కలో కలిపితే అయోమయం.

5 డిగ్రీల దగ్గర, పగలు 8 గంటలు, తక్కువ వెలుతురు చాలు, 10 వారాలు. బయటికి తీశాక వెంటనే వేడి గదిలో పెట్టకండి. చలి అయిన వెంటనే 30 డిగ్రీలు దాటిన వేడి తగిలితే కొన్ని గడ్డి జాతుల్లో చలి చేసిన పని చెరిగిపోతుంది, రై మీద పర్విస్, గ్రెగరీలే ఇది చూపించారు. కొన్ని రోజులు 15 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాత 18, 20లో దీర్ఘ పగళ్లకి మార్చండి.

నాలుగు గుంపులు చేయండి. చలి తగిలి దీర్ఘ పగలు, చలి తగిలి కురచ పగలు, చలి లేక దీర్ఘ పగలు, చలి లేక కురచ పగలు. ప్రతి గుంపులో సగం కుండీలకి జిబ్బరెల్లిన్. అప్పుడు మీ ప్రశ్నకి మీ మొక్కలే జవాబు చెప్తాయి. చలి తగిలి కురచ పగలులో ఉన్న గుంపు మీద కన్నేయండి, జిబ్బరెల్లిన్ నిజంగా దీర్ఘ పగలుకి బదులు నిలబడగలదా అన్నది తేలేది అక్కడే.

పాతపుస్తకం · గురువారం, ఉదయం 6:05

గరికపోచ చెప్పింది సరిగ్గా ఉంది. ఒకటి కలుపుతాను. ఒక దుబ్బులో అన్ని పిలకలూ వెన్ను తీయవు తల్లీ, కంగారు పడకు. ఏళ్ల తరబడి బతికే గడ్డిలో కొన్ని పిలకలు పూసి, గింజ కట్టి చచ్చిపోతాయి. పూయని పిలకలు ఆకులతో మిగిలి దుబ్బుని వచ్చే ఏడాదికి మోసుకెళ్తాయి. గోధుమలా అన్నీ ఒకేసారి పూస్తే ఆ దుబ్బు అక్కడితో సరి. అందుకని ఏ పిలక ఏ రోజు పుట్టిందో రంగు దారం కట్టి గుర్తు పెట్టుకో. చలికి ముందు పుట్టినదీ, తర్వాత పుట్టినదీ ఒకే లెక్కలో వేయకు.

మొవ్వు చూసేటప్పుడు జంట గట్లు కోసం వెతుకు. మామూలు కొసలో ఒక్కొక్క ఆకు బుడిపె ఒక్కొక్క గట్టులా ఉంటుంది. పూతకి తిరిగిన కొస ముందు పొడుగవుతుంది, తర్వాత ప్రతి ఆకు గట్టు పైన ఇంకో చిన్న గట్టు లేస్తుంది. ఆ పై గట్టే రేపటి కంకిక. ఆకు గట్టు ఎదగడం మానేస్తుంది. ఒకసారి చూస్తే ఇక జన్మలో మర్చిపోవు.

రెల్లుదుబ్బు · గురువారం, ఉదయం 9:30

నాది చివరి ప్రశ్న, నిజంగా. వెదురు కూడా గడ్డే కదా. కొన్ని వెదుళ్లు 48 ఏళ్లకి, కొన్ని 120 ఏళ్లకి ఒక్కసారి పూస్తాయంటారు. అక్కడ పగలూ చలీ ఏం చేస్తాయి?

నీరెండ · గురువారం, ఉదయం 10:40

మెలోకన్నా వెదురు దాదాపు 48 ఏళ్లకి, ఫిలోస్టాకిస్ బాంబుసాయిడిస్ దాదాపు 120 ఏళ్లకి పూస్తాయన్నది నిజమే. వేరే చోటికి తీసుకెళ్లి నాటిన దుబ్బులు కూడా తల్లి దుబ్బు పూసిన కాలానికే పూసిన సందర్భాలున్నాయి. అంటే ఏటా మారే పగలూ చలీ కాకుండా లోపలి లెక్కే ఎక్కువ నడిపిస్తోంది. ఇది పెద్ద విషయం, విడిగా ఒక చర్చ పెట్టండి, తప్పక వస్తాను. ఇక్కడ కలిపితే చిగురాకు గారి దారం తెగుతుంది.

గింజపాలు · గురువారం, మధ్యాహ్నం 12:20

పూత చివరి ఘట్టం ఎవరూ చెప్పలేదు. వెన్ను బయటపడ్డాక పువ్వు విచ్చుకోవడం. వరి పువ్వు పొద్దెక్కాక విచ్చుకుని గంటలోపే మూసుకుంటుంది. పువ్వు అడుగున లాడిక్యూల్స్ అనే రెండు చిన్న పొలుసులు నీరు పట్టి ఉబ్బి పై పొట్టుని పక్కకి నెడతాయి. ఆ ఉబ్బరానికి జాస్మోనేట్ అనే హార్మోన్ పురమాయిస్తుంది. మిథైల్ జాస్మోనేట్ తగిలిస్తే వేళ కాని వేళ కూడా వరి పువ్వులు విచ్చుకుంటాయి. సంకర విత్తనంలో ఆడ, మగ వరుసలు ఒకే గంటలో విచ్చుకోకపోతే ఎంత నష్టమో పడ్డవాళ్లకే తెలుసు. అందుకే ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది.

చిగురాకు · మూడు నెలల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:25

ఈ చర్చని మళ్లీ పైకి తెస్తున్నాను. అందరికీ చెప్పాల్సింది ఉంది.

10 వారాల చలి అయిపోయింది. గది ఎల్‌ఈడీలకి దూర ఎరుపు బల్బులు జోడించారు. గరికపోచ గారు చెప్పినట్టు నాలుగు గుంపులు, పాతపుస్తకం మాస్టారు చెప్పినట్టు పిలకలకి దారాలు. నడిరాత్రి ఎవరూ తలుపు తీయకుండా గది మీద కాగితం అంటించాను, గింజపాలు గారిని తల్చుకుంటూ.

దీర్ఘ పగళ్లలో పెట్టిన పద్దెనిమిదో రోజున చలి తగిలిన గుంపులో అయిదు పిలకలు చీల్చాను. మూడింటిలో జంట గట్లు ఉన్నాయి! మొదటి దాన్ని చూసినప్పుడు చేతులు వణికాయి మాస్టారూ. చలి లేని దీర్ఘ పగలు గుంపులో అయిదింటికి అయిదూ ఆకుల బుడిపెలే, జిబ్బరెల్లిన్ కొట్టినవి కూడా. చలికి ముందు పుట్టిన పిలకల్లోనే జంట గట్లు కనిపించాయి, తర్వాత పుట్టిన ఎర్ర దారం పిలకల్లో ఇంకా లేవు.

చలి తగిలి కురచ పగలులో ఉండి జిబ్బరెల్లిన్ అందుకున్న గుంపుని వచ్చే ఆదివారం చీలుస్తాను. ఈసారి జీఏ3 ఒక్కటే కాదు, మా గైడ్ మేడం కొంచెం జీఏ5 కూడా తెప్పించారు.

నీరెండ · ఆదివారం, సాయంత్రం 5:40

జీఏ5 ఇచ్చిన పిలకల్ని చీల్చేటప్పుడు కొసతో పాటు కింది కణుపుల పొడవు కూడా కొలవండి. టెమ్యులెంటమ్‌లో అది కాండాన్ని పెద్దగా సాగదీయకుండానే పూత తెచ్చింది. పెరెన్నెలో మీ కొలత నాకూ కావాలి.

పాతపుస్తకం · ఆదివారం, సాయంత్రం 6:10

ఆ జంట గట్ల ఫోటో ఒకటి ఇక్కడ పెట్టు తల్లీ.